ఆటలో దాఁచిన పాఠము

బాలునికి ఆటయని చెప్పి పాఠమును చేతికిచ్చుట మోసమగునా? 1983వ సంవత్సరము జూలైలో జపానునందు నింటెండో సంస్థవారు, టెలివిజనుకుఁ దగిలించి యింటనే యాడుకొను 'ఫ్యామికామ్' అను యంత్రమును వెలువరించిరి. 1929లో అమెరికా పత్రికల హాస్యచిత్రములలోఁ బుట్టి, పిమ్మట వెండితెర కెక్కిన పొపాయి యను నావికుఁడు నాఁడే అందొక యాటకు నాయకుఁడయ్యెను. నాలుగు మాసములకు అతఁడే ఆంగ్లోపాధ్యాయుఁడై మరల వచ్చెను. తెరపై జపానుమాట కనఁబడును. బాలుఁడు పొపాయిని నడిపించి, అక్షరము వెంట నక్షరము చేర్చి, దానికి సరియైన ఆంగ్లపదమును గూర్పవలెను. వేఱొక పద్ధతిలో ఆ సాయముండదు, పదమునే యూహింపవలెను.

విష్ణుశర్మయుఁ గథలతోనే రాజకుమారులకు నీతి గఱపెను గదా యని మిత్రులందురు. నిజమే. కాని యా కథలలో నీతిని దీసివేసినచోఁ గథయే నిలువదు. ఇచ్చటనో, పాలకూర తిని శత్రువుల మర్దించు వీరునికి అక్షరములేఱు పని యప్పగించిరి. అతని స్థానమున నింకొకని నిలిపినను పాఠము మాఱదు. పిల్లలు దీని నిట్టే పసిగట్టుదురు.

నేనును ఒకనాఁడు తరగతిలో చిలుకబొమ్మను జూపి, విభక్తులు చెప్ప మొదలిడితిని. వెనుకవరుస పిల్లవాఁడొకఁడు లేచి, "పంతులుగారూ, చిలుక కథ యేమాయెనండీ?" యని యడిగెను. బొమ్మను సంచిలోఁ బెట్టి షష్ఠీవిభక్తి చెప్పితిని.