నమాజును ఆపి వెళ్ళవలసిన వేళ

ఒక మనిషి నమాజులో నిలబడి ఉన్నాడు. పక్క కాలువలోంచి ఎవరో మునిగిపోతూ పెట్టిన కేక వినిపించింది. అతనికి ఈత వచ్చు. ఇప్పుడతను ఏం చేయాలి?

సోదరులారా! మన ధర్మవేత్తలు దీనికి ఏనాడో సమాధానమిచ్చారు. నమాజు ఆపి వెళ్ళాలి. వెళితే మంచిదని కాదు, వెళ్ళడం అతని విధి. నమాజు మళ్ళీ చేసుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని ఎవరు తేగలరు? ఒక్కరి ప్రాణం కాపాడటం యావత్తు మానవజాతిని కాపాడటంతో సమానమని దివ్య ఖుర్ఆన్ 'అల్ మాయిదా' సూరాలో బోధిస్తోంది. మునిగేవాడు ఏ మతస్థుడని అక్కడ ప్రశ్నే లేదు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడబోతున్న పర్యాటకుల బోటు కచ్చులూరు వద్ద గోదావరి వరదలో మునిగింది. అందులో ఉన్నవారు 77 మంది. బతికింది 26 మంది. సహాయక దళాలు రాకముందే దగ్గరి పల్లెల గిరిజనులు నాటు పడవలు వేసుకొని ఆ సుడుల్లోకి వెళ్ళారు, అందినవారిని అందినట్టు పైకి లాగారు. వారికి జీతం లేదు, లైఫ్ జాకెట్లు లేవు. ఉన్నదల్లా నది తెలియడం. గమనించండి, దయ ఒక్కటే ఉంటే వారు కూడా ఒడ్డున నిలబడి ఏడ్చేవారు!

మరి మన సంగతి? తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు కాలువ పారుతోంది. పక్కనే ఎర్రకాలువ. దిగువన కొల్లేరు. పండుగ మరునాడు మన పిల్లలు పేరుపాలెం సముద్రానికి పరుగెడతారు. వారిలో ఈత వచ్చినవారు ఎందరు? మునిగేవారిని కాపాడటం ఫర్జె కిఫాయా. అంటే కొందరు నెరవేర్చితే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ చేయకపోతే సమర్థులందరూ దోషులే. జనాజా నమాజు కూడా ఇలాంటిదే. దానికి మాత్రం వరుసలు కట్టి నిలబడతాం. ఆ జనాజా లేవకుండా ఆపే విద్యను ఎవరూ నేర్వరు.

అయితే ఒక హెచ్చరిక. చేజేతులా నాశనంలో పడవద్దని కూడా అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఈత రానివాడు నీళ్ళలోకి దూకితే ఒకటికి రెండు శవాలు తేలుతాయి. మునిగేవాడు భయంతో దొరికినవారి మెడ పట్టుకుంటాడు, అందుకే ఈత వచ్చినవారూ పోతుంటారు. ముందు తాడు విసరాలి, వెదురు గడ అందించాలి, లేదంటే చీరైనా చాలు. పైకి తీశాక పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మనవాళ్ళకు అలవాటు, అది ప్రమాదకరం. శ్వాస లేకపోతే వెంటనే నోట్లో నోరుపెట్టి గాలి ఊదాలి, ఛాతీ నొక్కాలి. ఇది ముందుగా శిక్షణ పొంది నేర్వవలసిన పని. 2016లో కేంద్రం ప్రారంభించిన 'ఆపద మిత్ర' పథకం ఇలాంటి స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇవ్వడానికే వచ్చింది. మన యువకులు అందులో ఎందుకు చేరకూడదు?

మసీదు వుజూఖానా గోడకు ఒక పొడవాటి మోకు, గాలి నింపిన రెండు లారీ ట్యూబులు తగిలించడానికి ఎంత ఖర్చవుతుంది? వచ్చే శుక్రవారం మీ కమిటీవారిని అడగండి.