స్వపరభేదము: దేహము చెప్పు సాక్ష్యము

దేహమే తనదానిని పరులదానిని వేరుచేయుచుండగా సంఘము వేరుచేయుట తప్పెట్లగునని వాదించువారు నేటికిని గలరు. రక్షకకణములు పరాయిదానిని చూచినంతనే చంపునని వారెక్కడనో చదివిరి. కులభేదమునకును, రోగిని వెలివేయుటకును దానినే సాక్ష్యముగా జూపుదురు. సాక్షిని పిలిచినవారు వాని వాఙ్మూలమును తుదివరకు వినవలయును గదా!

టీ కణములనబడు రక్షకులు ఎముకల మూలుగలో బుట్టి, రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో శిక్షణము పొందును. ఈ కణము శత్రువును నేరుగా జూడజాలదు. మన కణమే యొకటి క్రిమిని ముక్కలుచేసి, అందొక తునుకను తనపై పళ్లెరమువలె నమరిన యొక మాంసకృత్తులో నుంచి చూపవలయును. ఒక జాతి పళ్లెరములో ఆ తునుక ఎనిమిది మొదలు పది అమైనో ఆమ్లముల పొడవు మాత్రమే. పళ్లెరమును తునుకను కలిపి చూచినగాని టీ కణము గుర్తింపదు. 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో డోహర్టీ, జింకర్నాగెల్ అను పండితులు ఎలుకలయందు దీనిని కనుగొనిరి. వైరస్ అదేయైనను, సోకిన కణపు పళ్లెరము వేరు తెగ యెలుకదైనచో టీ కణము దానిని ముట్టలేదు. 1996లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

ఇదియు చాలదు. చూపు కణము హాని కలదని రెండవ సంకేతము నీయనియెడల, క్రొత్తగా వచ్చిన టీ కణము ఊరకుండుటయే గాక నిశ్చేష్టమై పోవును. ఒక నిందకు ఇన్ని పరీక్షలు పెట్టు పెద్దమనుష్యుని నే నే రచ్చబండమీదను చూచి యెరుగను.

ఇక థైమస్‌లోని శిక్షణము. పళ్లెరమును గుర్తింపలేనివియు, స్వదేహపు తునుకలనే గట్టిగా పట్టుకొనునవియు అచ్చటనే నశించును; నూటికి అయిదింటికి మించి బయటికి రావు. తప్పించుకొనినవాని నణచుటకు వేరొక తెగ టీ కణములు గలవు. వానిని గూర్చిన కృషికే 2025లో నోబెల్ బహుమాన మీయబడెను. దేహమునకు పరునికంటె తన కావలివానియందే భయమెక్కువ వలె దోచుచున్నది.

ఇతరుని మూత్రపిండము నతికినచో దేహము త్రోసివేయును గదా యందురు. నిజమే, వారి వాదములో బలమైనది యిదియొక్కటే. కాని ఆ త్రోపు కులగోత్రముల నడుగదు. తోడబుట్టిన యిద్దరి పళ్లెరములు పూర్తిగా కలియుట నాలుగింట నొకపాలు. కలియనిచో అన్నదైనను త్రోయును. సగము తండ్రిదైన శిశువును తల్లిగర్భము తొమ్మిది మాసములు మోయును. దినదినము మనము తిను అన్నమును పరపదార్థమే.

మన దేశమున బి.సి.జి. టీకాలు 1948లో నారంభమయ్యెను. తొలి చోట్లలో మదనపల్లె యొకటి. బలహీనపరచిన పశుక్షయ క్రిమిని చర్మములో నుంచి, దాని తునుకలను టీ కణములకు ముందుగా చూపించుటయే ఆ టీకా చేయు పని. పెద్దల ఊపిరితిత్తుల క్షయకు అది చాలినంత అడ్డు గాదు గాని, పసివారిని మెదడుపొరలకు సోకు క్షయనుండి చక్కగా గాపాడును. మా చంద్రశేఖరపురపు బడిపిల్లల యెడమ భుజములపై నుండు మచ్చ ఊరిదా వాడదా యని యెవ్వరు చెప్పగలరు?

తగిన మందు మొదలిడిన కొన్ని వారములకే క్షయరోగి యంటు చాలవరకు తగ్గును. ఐనను ఆ యింటి గడప త్రొక్కనివారును, ఆ యింటి పిల్లను కోడలిగా జేసికొననివారును ఏండ్లతరబడి యుందురు. వారికి తునుక చూపినదెవరు? రోగి కఫపరీక్ష ఫలితమేమని వారిలో నొక్కరైనను అడుగరు.