సొట్టగింజకు సమానత్వం ఉందా?

శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి వెలిసింది. 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన ఈ రామానుజుల విగ్రహం ముందు నిలబడితే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. ఆయన బోధించిన విశిష్టాద్వైతంలో తేడాలు భ్రమ కావు, నిజాలు. జీవులూ జడప్రకృతీ పరమాత్మకు శరీరం. దేని స్వభావం దానిదే. అన్నీ ఆయనవే కనుక ఏదీ తీసిపారేయదగ్గది కాదు.

మరి ఎందుకూ కొరగానిదాని మాటేమిటి?

జవాబు కోసం పక్కనే ఉన్న రాజేంద్రనగర్ దాకా వెళ్లాలి. 1960లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ చొరవతో ప్రపంచ దేశాల జొన్నరకాలు అక్కడికి చేరాయి. ఒక్కో రకానికి ఒక ‘ఐఎస్’ నంబరు; మొత్తం 16,138.

ఏ గింజలోనైనా మొలకెత్తబోయే బిడ్డకు తల్లి కట్టిన సద్దిమూటలా కొన్ని ప్రొటీన్లు నిల్వ ఉంటాయి. జొన్నలో ఉండేది కాఫిరిన్. అందులో లైసిన్ దాదాపు శూన్యం. మన ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేని పోషకం అది, ఎదిగే పిల్లలకు మరీ అవసరం.

1973లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ సింగ్, జాన్ ఆక్స్‌టెల్ ప్రపంచ సేకరణలోని దాదాపు 9,000 రకాలను జల్లెడ పట్టారు. లైసిన్ బాగా ఉన్నవి రెండే తేలాయి: ఐఎస్ 11167, ఐఎస్ 11758. రెండూ ఇథియోపియావే. గింజ సొట్టపోయి ఉంటుంది, దిగుబడి తక్కువ. కొత్త వంగడాలు తయారుచేసేవాళ్లు మొదటి ఏరివేతలోనే పక్కన పడేసే సరుకు. ఇథియోపియా రైతులు మాత్రం పాలకంకులు కాల్చుకు తినడానికి వాటిని విత్తుతూనే వచ్చారు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. లైసిన్ ఉంది కాబట్టే సొట్టగింజకు విలువ అంటే అది లాభం లెక్కే అవుతుంది. లైసిన్ లేకపోయినా దానికి చోటుండాలా? ఉండాలి. పొలంలో ఎంపిక తప్పదు, రైతు ఇల్లు గడవాలి. కానీ ఒకదాన్ని ఎంచుకోవడం వేరు, మిగతావాటి వంశం తుడిచేయడం వేరు. ఏ గుణం ఎప్పుడు ఎవరికి అక్కరకొస్తుందో ఎరగని మనిషికి ఆ రెండో హక్కు లేదు. ఈ సృష్టి పరమాత్మ శరీరమని నమ్మేవాడికి అసలే లేదు.

పనిగట్టుకుని తుడిచేయక్కర్లేదు, పట్టించుకోకపోయినా చాలు. 1974లో రాజేంద్రనగర్ నుంచి పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు చేరినవి 8,961 రకాలే. సరైన నిల్వ వసతి లేక మిగతావి మొలకశక్తి కోల్పోయాయి. కొన్నింటిని అమెరికా నుంచి మళ్లీ తెప్పించగలిగారు. నాలుగు వేలకు పైగా ఇక దొరకలేదు. వాటిలో ఏ గుణాలు ఉండేవో తెలుసుకునే దారి లేదు.

ముచ్చింతల్‌కు పల్లెల నుంచి వచ్చే భక్తులకు ఒక విన్నపం. ఇంట్లో పాత పచ్చజొన్న విత్తనం ఇంకా మిగిలి ఉంటే, రాజేంద్రనగర్‌లోని జాతీయ వృక్ష జన్యువనరుల బ్యూరో కేంద్రానికి కాస్త ఇవ్వండి. మిగిలింది ఈ ఏడే విత్తండి.