ఇల్లు ఎవరి జ్ఞాపకం మీద నడుస్తోంది?

హైదరాబాదులో ఎర్రగడ్డ అన్న పేరు తిట్టుగా మారి చాలా కాలమైంది. "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి", "ఎర్రగడ్డ నుంచి ఎప్పుడొచ్చావ్?" అని నవ్వుతూ అనడం అందరికీ అలవాటే. అక్కడ రైతుబజారు ఉంది, ఛాతీ ఆస్పత్రి ఉంది, 2017 నుంచి మెట్రో స్టేషనూ ఉంది. కానీ ఆ పేరు వినగానే గుర్తొచ్చేది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఒక్కటే. నేనుండే బోరబండ దానికి దగ్గర్లోనే. ఇల్లెక్కడో చెప్పగానే "ఓహో, పక్కనే కదా!" అని నవ్వినవాళ్ళు ఎందరో.

ఈ హాస్యం వెనక ఒక లెక్క ఉంది. మనుషులు రెండే రకాలు: ఆస్పత్రి గోడకి అవతలివాళ్ళు, ఇవతలివాళ్ళు. అవతలివాళ్ళ మాటకి విలువ లేదు. ఇవతలివాళ్ళకి మినహాయింపు లేదు. ఇవతల ఉండి కూడా అందరిలా ఇల్లు దిద్దుకోలేని ఆడదానికి ఇక మిగిలే పేర్లేమిటి? బద్ధకస్తురాలు, ఒళ్ళు వంగనిది, పొందిక లేనిది, పొగరుబోతు.

ఆ పేర్లన్నీ నేను మోశాను. ప్రూఫులు దిద్దడం నా పని. కాయితాలు ముందేసుకుంటే నాలుగ్గంటలు కదలను. ఒత్తు తప్పినా, సున్నా జారినా కంట్లో పడుతుంది. అదే నేను స్టవ్ మీద పాలు పెట్టి పక్క గదిలోకి వెళితే, పాలన్నవి ఈ లోకంలో ఉన్నాయన్న సంగతే నాకు ఉండదు. "ఇష్టమైన పనికి మాత్రం బుర్ర బాగానే పనిచేస్తుంది" అనేవారు మా అత్తగారు. నలభై ఒకటో ఏట ఒక డాక్టరు దీనికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పారు. శ్రద్ధ ఉంటుంది, కానీ దాన్ని కావలసిన చోటికి, కావలసిన వేళకి మళ్ళించుకోవడం ఈ మెదడుకి కష్టం. ఇంత ఆలస్యంగా తెలియడం నా ఒక్కదాని కథ కాదు. క్లాసులో బెంచీలెక్కి గెంతే మగపిల్లాడు టీచరు కంట్లో పడతాడు. కిటికీలోంచి చూస్తూ కూచునే ఆడపిల్ల ఎవరికీ అడ్డం రాదు. ఒక ఇంటి బరువంతా నెత్తిన పడ్డాక గానీ చాలామందికి ఆ ఇబ్బంది బయటపడదు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ వంటి వాటిని లోపాలుగా మాత్రమే కాక మనిషి మెదడులోని వైవిధ్యంగా చూడాలన్న ఆలోచన 1990ల చివర్లో, ఎక్కువగా ఆటిజం ఉన్నవాళ్ళ చర్చల్లోంచే, బలపడింది. న్యూరోడైవర్సిటీ అన్న మాట అలా వచ్చింది. ఆ మాట నాకు ఊరటనిచ్చింది. కానీ దానితో ఒక ప్రశ్న కూడా వచ్చింది. చెయ్యలేకపోవడానికీ చెయ్యకపోవడానికీ మధ్య గీత ఎక్కడ? సాధ్యం కాని పనికి మనిషిని తప్పు పట్టకూడదు, నిజమే. అయితే నా మెదడు తీరు ఇంతే అని చెప్పి నేను చేతులు కడిగేసుకోవచ్చా?

దీనికి జవాబు నాకు మా నల్లా దగ్గర దొరికింది. మా వీధిలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చే వేళ కనిపెట్టి ఉండాలి, సంపు నిండిందో లేదో చూడాలి, మోటారు వెయ్యాలి, మళ్ళీ గుర్తుపెట్టుకుని కట్టెయ్యాలి. ఏ ఇంట్లో చూసినా ఈ క్యాలెండరు ఉండేది ఆడవాళ్ళ తలలోనే. గ్యాసు బుకింగు, పిల్లల ఫీజు గడువు, మామగారి మాత్రలు, ఆడపడుచు పెళ్ళిరోజు అన్నీ అందులోనే. దీన్ని పని అని ఎవరూ అనరు. అది తప్పినప్పుడు మాత్రం నేరం అంటారు. "నువ్వు చెప్తే నేను చేస్తాను కదా" అంటాడు మా ఆయన, మంచి మనసుతోనే. చెప్పాలంటే ముందు గుర్తుండాలి కదా! ఆయన మర్చిపోతే అది మతిమరుపు, ముద్దుగా చెప్పుకునే కబురు. నేను మర్చిపోతే అది గుణం.

నాకు గుర్తుండదని తేలాక ఇంట్లో జరిగింది చూడండి. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి "అమ్మా, ఇవాళ నల్లా రోజు" అనడం మొదలుపెట్టింది. ఎవరూ దానికి అప్పగించలేదు. దాని కన్నా రెండేళ్ళు పెద్దవాడైన కొడుకుని ఎవరూ అడగలేదు, వాడికీ తట్టలేదు. నన్ను అర్థం చేసుకోవడం అంటే నా చేతిలోంచి జారిన బరువు మరో ఆడపిల్ల చేతిలో పడటమేనా?

అందుకే నా బాధ్యత గుర్తుంచుకోవడంలో లేదు, నాకు బదులు గుర్తుంచుకునేది ఎవరన్నది తేల్చడంలో ఉంది అనుకుంటాను. ఇప్పుడు నీళ్ళ అలారం మా ఆయన ఫోనులో మోగుతుంది. ఫీజు గడువులు కొడుకు గోడ మీది బోర్డులో రాస్తాడు. చిన్న సంగతే. కానీ దీనికి మా ఇంట్లో జరిగినంత గొడవ ఆస్తి పంపకాలకి కూడా జరిగి ఉండదు!

మరి ఈ పేరు బయటికి చెప్పుకోవచ్చా? భయం లేకపోలేదు. 'మతి సరిగా లేదు' అన్న మాటతో ఆడవాళ్ళని ఇంట్లోంచి, ఆస్తిలోంచి తప్పించడం మనకి కొత్త కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకి ఒక కారణం. 2013లో మన తెలుగు దంపతుల కేసు ఒకటి సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. భార్యకి స్కిజోఫ్రీనియా ఉందని భర్త విడాకులు కోరాడు. ఆమె వైద్యం చదివి, ప్రభుత్వ డాక్టరుగా ఉద్యోగం చేస్తున్న మనిషి. జబ్బు పేరు ఒక్కటే చాలదని కోర్టు విడాకులు నిరాకరించింది. న్యాయమే. కానీ ఆమె అంత చదువుకోకపోతే, ఉద్యోగం లేకపోతే తన మతిని దేనితో రుజువు చేసుకునేది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. దాని మూడో సెక్షనులో ఒక గొప్ప మాట ఉంది. చుట్టూ ఉన్న సమాజపు నైతిక, సాంఘిక, సాంస్కృతిక విలువలకీ, పని విలువలకీ ఒదగకపోవడాన్ని మానసిక వ్యాధిగా నిర్ణయించకూడదు. జబ్బు ఉన్నంత మాత్రాన మతిలేని మనిషి అనడానికీ వీల్లేదు, అది కోర్టు తేల్చాలి. ఎన్ని ఇళ్ళలో ఈ సంగతి తెలుసు?

కాయితాల సంగతి మరోటి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. ఆటిజం ఉంది, చదువులో ఇబ్బందులున్నాయి, మానసిక వ్యాధి ఉంది. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో లేదు. అయినా నాకు డాక్టరు ఫీజు కట్టే స్తోమత ఉంది గనక ఒక పేరైనా దొరికింది. మా గల్లీలోంచి పొద్దున్నే జూబ్లీహిల్స్ ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకామె నాలాంటి మెదడుతోనే పుట్టి ఉండవచ్చు. రెండుసార్లు స్టవ్ మీద గిన్నె మాడిస్తే ఆమెకి దొరికేది రోగం పేరు కాదు, లెక్క చూసి చేతిలో పెట్టే జీతం.

కాబట్టి సర్టిఫికెట్ చూపిస్తేనే క్షమిస్తాం అనడం నాకు మింగుడు పడటం లేదు. వైద్యం కావాలి, పేరూ కావాలి. కానీ ఆ పేరు దొరకనివాళ్ళకి కూడా మర్యాద దక్కాలి. ఇల్లు సర్దుకోలేకపోవడం ఆడదాని శీలానికి సంబంధించిన విషయం కానే కాదని మనం ఒప్పుకుంటే, బరువు ఎలా పంచుకోవాలన్న అసలు మాట అప్పుడు మొదలవుతుంది. అంతవరకూ మన ఇళ్ళలో 'అర్థం చేసుకునే' మనిషి ఎవరో, ఆమె వయసెంతో ఒకసారి చూసుకుందాం.