ఎవరి పొదుపు?

ప్రజలందరి వైద్యానికీ ప్రభుత్వమే ఒకే నిధి నుంచి చెల్లించాలి అన్నప్పుడల్లా మొదట ఎదురయ్యే ప్రశ్న: డబ్బెక్కడిది? ఈ ప్రశ్న అడగదగినదే. కాని ఈ లెక్కలో ఎవరి డబ్బు చేరుస్తున్నాం, ఎవరి బాధ వదిలేస్తున్నాం అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇందుకు బ్రిటన్ చరిత్ర మంచి పాఠం. 1948 జులై 5న అక్కడ జాతీయ ఆరోగ్య సర్వీసు ఆరంభమైంది. దాన్ని నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బెవాన్ చిన్నతనంలో వేల్సు బొగ్గుగనిలో పనిచేసినవాడు. తొలి ఏళ్లలో కళ్లద్దాలకూ, కట్టుడు పళ్లకూ జనం విరగబడ్డారు. ఖర్చు అంచనాలు మించింది. దుబారా అని గగ్గోలు లేచింది. నిజానికి, డబ్బులేక ఏళ్ల తరబడి మసకచూపుతో, పళ్లులేని నోటితో బతికిన పేదలకు సంఘం పడిన పాతబాకీ అది. 1951లో కొరియా యుద్ధకాలాన ఆయుధాల ఖర్చు పెరగ్గా, లేబర్ ప్రభుత్వమే ఆ రెండింటిపై రుసుం విధించింది. బెవాన్ రాజీనామా చేశాడు. 1952లో, అప్పటికి అధికారానికొచ్చిన కన్సర్వేటివులు మందుచీటీకి ఒక షిల్లింగు వసూలుచేయసాగారు.

ఆ కన్సర్వేటివ్ ప్రభుత్వమే ఖర్చు విచారణకు 1953లో ఆర్థికశాస్త్రవేత్త గిలెబో అధ్యక్షతన కమిటీ వేసింది. 1956 నాటి నివేదిక ఏం తేల్చింది? ఇంగ్లండు, వేల్సులలో సర్వీసు ఖర్చు జాతీయోత్పత్తిలో 1949-50లో 3.75 శాతం, 1953-54 నాటికి 3.25 శాతానికి దిగింది. దుబారా ఆరోపణ నిలవలేదు.

ఇక్కడ రెండు రకాల పొదుపును వేరుచేసి చూడాలి. నిధి ఒక్కటైతే బిల్లులు రాసేవారూ, వాటిని తిరస్కరించేవారూ దండులుగా అక్కరలేదు; మందుల కంపెనీలతో గట్టిగా బేరమాడవచ్చు. ఇది అసలైన పొదుపు. రుసుం పెట్టి రోగిని గుమ్మంలోనే ఆపడం రెండోది. అలా ఖజానాలో మిగిలిన షిల్లింగు రోగి జేబులోంచి వచ్చినదో, దేహంలోంచి వచ్చినదో అయివుంటుంది. అది పొదుపు కాదు, భారం బదిలీ. బెవాన్ పుట్టిన వేల్సులో మందుచీటీ రుసుం 2007లో పూర్తిగా రద్దయింది. ఇంగ్లండులో నేటికీ ఉంది.

అనేక ఇన్సూరెన్సు కంపెనీల చేతుల్లో వైద్యం నడిచే అమెరికాను చూడండి. 2023లో జాతీయోత్పత్తిలో 17 శాతానికి పైగా వైద్యానికే పోయింది. అయినా సుమారు రెండున్నర కోట్ల మందికి ఏ ఇన్సూరెన్సూ లేదు!

ఒకే నిధి వస్తే పన్నులు పెరుగుతాయంటారు. పెరుగుతాయి, కాని ప్రీమియం, ఆస్పత్రి బిల్లు పోతాయి. బ్రిటన్‌లో నెలల తరబడి వేచివుండాలంటారు. అదీ నిజమే. నిధిని ఎండగట్టితే ఆ వరుసే మారువేషంలోని రుసుం అవుతుంది: డబ్బున్నవాడు ప్రైవేటు ఆస్పత్రికి పోతాడు, లేనివాడు నొప్పితో నిలబడతాడు. కనుక నిధి పెట్టడంతో పోరాటం ముగియదు. దాన్ని నిండుగా ఉంచడానికీ పోరాడాలి.

పొదుపు వాదన బలమైనదే. కాని వైద్యహక్కుకు అది పునాది కారాదు. రేపు లెక్క తిరగబడి ఖర్చే ఎక్కువని తేలినా రోగి రోగిగానే ఉంటాడు. ఎంత మిగిలిందని అడిగే ప్రతివాడినీ మనం తిరిగి అడగవలసింది ఒక్కటే: ఎవరిని బయట నిలబెట్టి మిగిల్చారు?