దగ్గు దాచువాడును, దాచునట్లు చేయువారును

క్షయవ్యాధి వచ్చినవాడు ఆ సంగతి నలుగురికి తెలియజేయవలెనా, లేక తనలోనే దాచుకొనవచ్చునా? మన పల్లెలలో ఈ ప్రశ్న తరచుగా వినబడును. దాచుట తప్పని వెంటనే తీర్పు చెప్పుట సులభము. అయితే ఊపిరి యెట్లు నడచుచున్నదో కొంచెము తెలిసికొనినయెడల, ఆ తీర్పు మన మీదికే తిరుగునని మాకు తోచుచున్నది.

రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె వంగియున్న ఒక కండరము గలదు. అది క్రిందికి దిగినప్పుడు రొమ్ము విశాలమై గాలి లోనికి వచ్చును. తిరిగి పైకి లేచినప్పుడు గాలి వెలుపలికి పోవును. నిమిషమునకు 12 మొదలు 20 సార్లు, మనము నిద్రించుచున్నను, ఈ పని జరుగును. గాలిగొట్టము చెట్టుకొమ్మవలె చీలి చీలి, తుదకు కోట్లకొలది చిన్న గాలితిత్తులలో ముగియును. అక్కడనే రక్తము ప్రాణవాయువును పుచ్చుకొని బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆదికాండము రెండవ అధ్యాయములో నరుని బ్రదుకు ఊపిరితోనే మొదలైనది. ఆదాము ఒంటరిగా ఉన్న ఆ దినములు గడచిన తరువాత ఎవని గాలి వానికి ప్రత్యేకముగా లేదు. మూసిన గదిలో పదిమంది కూర్చుండి ప్రార్థించినప్పుడు ఒకరు విడిచినదానిని మరియొకరు పీల్చుదురు.

ఊపిరితిత్తుల జబ్బులన్నియు అంటునవి కావు. ఉబ్బసములో గొట్టములు బిగిసి పిల్లికూతలు వచ్చును, అది అంటదు. చుట్టపొగ, బీడీపొగ, పొయ్యిపొగ ఏండ్లతరబడి పీల్చినవారికి ఆయాసము నిలిచిపోవును. (చుట్ట మానుడనినందుకు పెద్దలు కోపపడకుందురు గాక!) నిమోనియా పసిబిడ్డలను, ముసలివారిని త్వరగా క్రుంగదీయును. క్షయ సంగతి వేరు. దాని క్రిమిని 1882లో రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు కనుగొని ప్రకటించెను. ఊపిరితిత్తుల క్షయ గలవాడు దగ్గినప్పుడు ఆ క్రిములు గాలిలో చేరును. కంచము వలన, బట్టల వలన, చేయి కలుపుట వలన అది అంటదు. క్రిమి సోకినవారిలో నూటికి 5 మొదలు 10 మందికే ఎప్పుడైనను జబ్బు పైకి వచ్చును.

లేవీయకాండము 13వ అధ్యాయములోని రోగి నోరు కప్పుకొని, తన సంగతి తానే చాటుకొనుచు, జనులకు దూరముగా బ్రదుకవలసివచ్చెను. మందు లేని కాలమున అది ఇతరులకు కాపుదలయై యుండవచ్చును. నేడు మందు ఉన్నది. అయినను, చెప్పుమని రోగిని అడిగి, అతడు చెప్పిన దినముననే మనము అతనిని వెలివేయుచున్నాము. వేరు గ్లాసు, గుడిలో వెనుక చాప, కుమార్తెకు కుదిరిన సంబంధము తప్పిపోవుట. అతడు దాచుటలో ఆశ్చర్యమేమి?

దాచిన ఆ వారములలోనే హాని జరుగును. 1956లో మద్రాసులో ఆరంభమైన ఒక పరిశోధనలో వైద్యులు కొందరు రోగులను శానిటోరియములోను, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోను ఉంచి, ఇరువురికిని ఒకే మందులిచ్చిరి. ఫలితములు 1959లో ప్రకటింపబడెను. ఇంటనున్నవారును దాదాపు సమానముగా బాగుపడిరి. వారి ఇంటివారికి అందువలన ఎక్కువ ముప్పు కలుగలేదు. సోకినది చాలమట్టుకు మందు మొదలుకాక మునుపే సోకియుండెను. కాబట్టి మనకు భయము మందు మ్రింగుచు మన ప్రక్కను కూర్చున్నవాని వలన కాదు, మన చూపునకు వెరచి ఆస్పత్రికి పోనివాని వలన.

చెప్పవలసిన బాధ్యత రోగికి లేదని మేము అనము. తన పిల్లల ఊపిరిని గూర్చి అతడు లెక్క చెప్పవలసినదే. వైద్యునికిని ఇంటివారికిని చెప్పవలెను, ఊరంతటికి చాటనక్కరలేదు. అయితే చెప్పినందువలన అతనికి నష్టము రాకుండ చూచు బాధ్యత మనది, అదియే ముందుది.

రెండు వారములకు మించి దగ్గు ఉన్నవానితో కళ్లె పరీక్షకు ఎవరైనను తోడు వెళ్లవచ్చును. ప్రభుత్వ ఆస్పత్రులలో పరీక్షయు మందులును ఉచితము. సామాన్యమైన క్షయకు ఆరు నెలలు మందు వాడవలెను. ఆహారమునకై ఇచ్చు సొమ్మును 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు చేసిరి. రెండు నెలలకే దగ్గు తగ్గి, కూలికి పోవుచు మందు మానువారు కలరు. ఆ సమయముననే వారి ఇంటికి వెళ్లి అడుగవలెను. ఇక కూటములు జరుగు ఇండ్లలో, చలికాలమైనను, కిటికీలు తెరచియుంచుడి.