చెరసాలకు ఒక రంగుల పెట్టె



మత్తయి సువార్త 25వ అధ్యాయం ప్రకారం తీర్పు దినాన ప్రభువు మనలను అడిగే వాటిలో చెరసాల సంగతి కూడా ఉంది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టామని చెప్పుకోగలవారు మన విచారణలలో చాలామందే ఉన్నారు. చెరసాల దగ్గరకు వచ్చేసరికి తల దించుకుంటాం. వెళ్లే కొద్దిమందిమి కూడా, నన్నూ కలుపుకొనే చెబుతున్నాను, క్రిస్మస్‌కు పండ్లు, కేకు పంచి, అరగంట ప్రసంగించి వచ్చేస్తాం. వారు ఓపికగా వింటారు. వినక ఎక్కడికి పోతారు?

2024లో వెనిస్ నగరపు అంతర్జాతీయ కళా ప్రదర్శనలో వాటికన్ తన ప్రదర్శనను జుదెక్క దీవిలోని స్త్రీల జైలులో పెట్టింది. ఆ భవనం ఒకనాడు వ్యభిచార వృత్తి విడిచిన స్త్రీలకు ఆశ్రయమైన మఠం. ప్రదర్శనకు పెట్టిన పేరు ‘నా కన్నులతో’. చూడవచ్చినవారు తమ ఫోన్లు ద్వారం దగ్గరే అప్పగించి లోపలికి పోవాలి. అక్కడ వారిని వెంటబెట్టుకొని తిప్పి, ప్రతి చిత్రాన్నీ వివరించినవారు ఖైదీ స్త్రీలే. వారిచ్చిన ఫొటోలను చూసి ఒక చిత్రకారిణి బొమ్మలు వేసింది. వారు రాసుకున్న మాటలను మరొక కళాకారిణి లావారాతి పలకలపైకి ఎక్కించింది. ఆ సంవత్సరం ఏప్రిల్ 28న జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు, నేడు దివంగతులు, అక్కడికి వెళ్లి మొదట ఆ స్త్రీలను కలుసుకున్నారు.

ఇందులో విశేషం ఏమిటి? జైలులో మనిషిని ఎప్పుడూ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. ఉదయం లెక్కపెడతారు, సాయంత్రం లెక్కపెడతారు. అతడు చూచినదేమిటని అడిగేవారు లేరు. నిద్ర పట్టదు, చేసిన తప్పో, చేయని తప్పో మనసును తొలుస్తుంది, ఇంటివారి రాక తగ్గిపోతుంది. కొందరికి బ్రతుకుపైనే విరక్తి పుడుతుంది. ఆ బాధకు నోట మాట రాదు. వచ్చినా, తోటి ఖైదీల ముందు ఏడ్చినవాడు అలుసైపోతాడు.

అలాంటివాని చేతికి కాగితం, రంగులు ఇస్తే మాట చేయలేని పని చేయి చేస్తుంది. క్షయతో శానిటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు గీసి ఊరట పొందిన ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1942లో ఈ వైద్యానికి ‘ఆర్ట్ థెరపీ’ అని పేరు పెట్టాడు. ఇది డ్రాయింగ్ క్లాసు కాదు. బొమ్మ బాగుందా లేదా అన్న మార్కులు లేవు. శిక్షణ పొందినవారు పక్కన కూర్చుని, గీసినవాడు చెప్పినంతే వింటారు. ఆ కాగితం అతని అనుమతి లేకుండా ఇతరుల చేతికి పోరాదు. పాపసంకీర్తనం వినే మాకు ఆ కట్టుబాటు విలువ వేరే చెప్పనక్కరలేదు. మందులు కావలసినవారికి మందులే కావాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటోంది.

సెమినరీలో ‘వ్యక్తి’ అంటే ఏమిటో బొయెతియస్ ఇచ్చిన నిర్వచనాన్ని లత్తీనులో బట్టీపట్టాం. ఆ మహానుభావుడు తన ప్రసిద్ధ గ్రంథాన్ని చెరలో, మరణశిక్షకు ఎదురుచూస్తూ రాశాడు. ఆ కలం లేకుంటే ఆయన మనసు ఏమైపోయేదో అని మాలో ఎవరికీ తోచలేదు. పరీక్షకు అది రాదు గదా!

“దొంగలకు రంగులెందుకు ఫాదర్?” అని అడిగేవారుంటారు. 2022 చివర మన దేశపు జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివారు. మనమూ విచారణవారమే, వారూ విచారణవారే. మాట ఒక్కటే, మధ్యన గోడ ఉంది.

ఆగస్టు రెండవ ఆదివారం జైలు పరిచర్య ఆదివారం. ఈసారి పండ్లతోపాటు డ్రాయింగు కాగితాలు, మైనపు రంగులు పోగుచేద్దాం. గాజు సీసాలు, బ్లేడుతో చెక్కవలసిన పెన్సిళ్లు వద్దు, లోపలికి రానివ్వరు. సూపరింటెండెంటుగారి అనుమతి ముందే తీసుకోవాలి. మీ విచారణలో మనస్తత్వశాస్త్రం చదివిన సిస్టర్లుగాని, యువతీయువకులుగాని ఉంటే వారిని వెంట తీసుకురండి. ప్రసంగం నేను పది నిమిషాల్లో ముగిస్తాను.